అప్‌డేట్: ఆర్6 కెమెరా కొన్నాను, పాతది అమ్మలేదు

2012 నాటి కెనాన్ వన్ డీ ఎక్స్ కెమెరా అమ్మేసి, 2020లో వచ్చిన కెనాన్ ఆర్6 మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొనవచ్చా అని అడిగాను కదా. వాడి చూడనిదే తేల్చవద్దన్నారు. రెండూ పట్టుకుని మూడు పెళ్లిళ్లు తీశాను.

18, 20 మెగాపిక్సెళ్ల తేడా ఆల్బమ్‌లో ఎవరికీ కనిపించదు. ఫోకస్‌ తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది. పాతదానిలో ఫోకస్ పట్టే 61 పాయింట్లూ ఫ్రేము మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. ఆర్6 అయితే తలంబ్రాలు ఎడాపెడా ఎగురుతున్నా పెళ్లికూతురి కన్ను వదల్లేదు. పైగా కిలోన్నర బరువు స్థానంలో 680 గ్రాములు! తెల్లవారుజాము ముహూర్తానికి కూడా నా మణికట్టు నొప్పి పెట్టలేదు.

జీలకర్ర బెల్లం వేళ చప్పుడెందుకని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టాను. మండపం ఎల్ఈడీ దీపాల కింద ఫొటోల్లో పంతులుగారి పంచె నిండా చారలే! మెకానికల్ షట్టర్‌కు మార్చాక పోయాయి. బ్యాటరీలు మాత్రం పూటకు రెండు మింగుతోంది. పాతదానికి ఒక్కటే రోజంతా వస్తుంది.

పాత లెన్సులు అడాప్టర్‌తో (కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే రింగు) కొత్తదానిపై చక్కగా పనిచేస్తున్నాయి, కొత్తవి కొనలేదు. వన్ డీ ఎక్స్‌కు పలికిన ధర విని, మళ్లీ సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.