మిషన్‌తో చెరకు నరికిస్తే ముక్కలు నేలపాలవుతున్నాయి, ఏం చేయాలి?

గాజువాక_రైతు:
ఉద్యోగం విశాఖలో, పొలం చోడవరం దగ్గర. మూడెకరాల కార్సి తోట (నరికిన దుబ్బుల నుంచి మళ్లీ చిగిర్చిన చెరకు), అనకాపల్లి పరిశోధన కేంద్రం వాళ్ల 87ఎ298 రకం. కూలీలు దొరక్క పోయినేడు గడను నరికి ముక్కలు చేసే మిషన్ పెట్టించాం. నరికాక చూస్తే జానెడు మోళ్లు, చెత్త కింద ముక్కలు. పైగా ఫ్యాక్టరీలో చెత్త ఉందని తూకంలో కోత. ఈసారి ఏం చూసుకోవాలి?

స్టీరింగ్_బాబాయ్:
నేను ఆ మిషన్ నడిపేవాణ్ణే. సాలుకీ సాలుకీ మధ్య ఎంతుంది బాబూ? మన వైపు రెండున్నర, మూడడుగులు వేస్తారు. మిషన్‌కి నాలుగు నుంచి ఐదు అడుగులు కావాలి. లేదంటే చక్రం పక్క సాలు మీదెక్కి దుబ్బులు నలిగిపోతాయి, వచ్చే కార్సి పలచబడుతుంది. ఆ సాళ్ల దూరం మళ్లీ మొక్కతోట, అంటే కొత్తగా ముచ్చెలు నాటి తోట వేసినప్పుడే మార్చగలరు.

ఇప్పటికైతే బ్లేడ్లు చూడండి. మొదటి సాలు నరకగానే ఆపించి మోడు పట్టుకుని చూడండి. నున్నగా తెగితే సరే. చీలి పీచు లేస్తే బ్లేడు మొద్దుబారినట్టే, మార్చేదాకా కదలనివ్వొద్దు. అడుగు గడలోనే తీపెక్కువ, జానెడు వదిలేస్తే మిగిలేదేముంది?

ఇక ముక్కల్లోంచి ఆకు చెత్తను బయటికి ఊదేసే ఫ్యాన్. చెత్త పోవాలని స్పీడు పెంచితే ముక్కలు కూడా తునకలై ఆకుల్లో కలిసిపోతాయి, కంటికి ఆనవు. నరికేసిన సాళ్ల మీద, ఫ్యాన్ ఊదే వైపు టార్పాలిన్ పరిచి కొంతదూరం నడిపించండి. తెల్ల తునకలు, రసం తడి కనిపిస్తే స్పీడు తగ్గించమనండి. తూకంలో చెత్త కోత కళ్లకు కనబడుతుంది కాబట్టి అందరూ దానికే భయపడతారు. నా లెక్కలో పొలంలో పోయేదే ఎక్కువ.

తోట పడిపోకుండా రెండు సాళ్ల గడలు కలిపి ఆకులతో కట్టే జడచుట్లు వేశారా? అవి మిషన్‌కి చిక్కే. పడిపోయిన తోటైతే ఒక వైపు నుంచే నరికించండి.

బెల్లం_సత్యం:
ముక్కల చెరకు నిలవుండదు. ముక్కకి రెండు కోతలు, పులుపు తొందరగా పడుతుంది. ఫ్యాక్టరీ వంతు ఖాయమయ్యాకే మిషన్ దింపండి, ఒక రోజు దాటనివ్వొద్దు. మా బెల్లం గానుగకి మాత్రం పొడుగు గడలే మేలు.

గాజువాక_రైతు:
బాబాయ్, మిషన్ బాడుగ గంట లెక్క మంచిదా, టన్ను లెక్కా?

స్టీరింగ్_బాబాయ్:
టన్నుకైతే డ్రైవరు పరుగు పెట్టిస్తాడు. గంటకైతే మలుపుల్లో తిరిగే టైమూ మీ ఖాతాలోకే. పక్క రైతుతో కలిసి పొడుగు సాళ్లుగా నరికించుకోండి, చివర ఇరవై అడుగులు ఖాళీ చేసి పెట్టండి. అప్పుడు గంట లెక్కే నయం.