పాత బిగ్ బెర్తా రాకెట్‌కి నకలు చేస్తున్నా: 41.6 మి.మీ. గొట్టం తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది?

తిరుచానూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. మేనమామ వాళ్లది సూళ్లూరుపేట. వాళ్ల మేడ మీద నుంచి పీఎస్‌ఎల్‌వీలు చూస్తూ పెరిగాను. ఆ పిచ్చి ఇప్పుడు ఇంకోలా ముదిరింది. 1960లలో అమెరికా పిల్లలు ఎగరేసిన ఎస్టెస్ కంపెనీ మోడల్ రాకెట్ బిగ్ బెర్తాకి నకలు చేయాలని కూర్చున్నాను. కిట్ కొనను, అంతా చేత్తోనే. ఎగరేయడానికి కాదు, షోకేసులోకి.

మూడు వారాలుగా గొట్టం దగ్గరే ఆగిపోయాను. అసలుదాని బయటి వ్యాసం 41.6 మి.మీ., మొత్తం పొడవు 61 సెం.మీ. బట్టల షాపుల్లో గుడ్డ చుట్టే అట్ట గొట్టాలు చూశాను, ఒక్కొక్కటి రోకలిబండలా ఉంది. రెండో సందేహం: రెక్కలకు వాడే బాల్సా అనే బాగా తేలికైన కట్టె ఇక్కడ ఎక్కడా లేదు, బదులు ఏం వాడొచ్చు? మూడోది: పాత ప్లాన్ స్కాన్ ఒకటి ఉంది. ప్రింట్ తీసిన ప్రతిసారీ ఒక్కో సైజు వస్తోంది. దేన్ని నమ్మాలి?

పాకాల లేత్‌వర్క్:
తమ్ముడూ, 41.6 కోసం షాపులు తిరిగితే చెప్పులు అరుగుతాయి అంతే. ఆ సైజు ఆ కంపెనీ కేటలాగులో తప్ప ఉండదు. గొట్టం నువ్వే చుట్టుకో. ఎలా చుట్టాలో చెప్పడానికి మాష్టారు రానీ.

చిత్తూరు మాష్టారు:
వచ్చానయ్యా. ముందు ఆ 41.6 ఎక్కడిదో చెప్తాను, అది తెలిస్తే సగం పని అయినట్టే. ఎస్టెస్ వాళ్లు 1958లో డెన్వర్‌లో మొదలుపెట్టారు, తర్వాత కొలరాడోలోనే పెన్‌రోజ్ అనే ఊరికి మారారు. వాళ్ల తెలివి ఏమిటంటే ప్రతి రాకెట్‌కీ కొత్త గొట్టం చేయలేదు. నాలుగైదు సైజులు పెట్టుకుని, వాటితోనే ఎన్నో రాకెట్లు తీశారు. నీ రాకెట్‌ గొట్టానికి వాళ్లు పెట్టిన పేరు బీటీ-60. బయట 41.6, లోపల 40.5, గోడ మందం అర మిల్లీమీటరు పైచిలుకు. అంటే పాత ఫోటో ఏది దొరికినా, అందులోది ఏ గొట్టమో తెలిస్తే చాలు, మిగతావన్నీ దాన్నిబట్టి లెక్క కట్టొచ్చు. ఉదాహరణకు ఫోటోలో గొట్టం వెడల్పు 13 మి.మీ. ఉందనుకో. 41.6ని 13తో భాగిస్తే 3.2. ఫోటోలో రెక్క అంచు 25 ఉంటే అసలుది 80. రాకెట్‌కి ఎదురుగా, దూరం నుంచి తీసిన ఫోటోనే తీసుకో. దగ్గర్నుంచి వంకరగా తీసినదానితో లెక్క కడితే రెక్కలు ఏనుగు చెవులవుతాయి.

నీ మూడో సందేహానికీ జవాబు ఇదే. ప్లాన్‌లో గొట్టం గీతల మధ్య దూరం కొలువు. 41.6 వస్తే ఆ ప్రింట్ సరైనది, రాకపోతే పారెయ్. చాలాసార్లు తప్పు ప్రింటర్‌లో ఉంటుంది. పేజీకి సరిపెట్టమనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే తొంభై అయిదు శాతానికో ఎంతకో కుదించేస్తుంది. జిరాక్స్ షాపు అబ్బాయికి నోటితో చెప్పి వదిలెయ్యకు, పక్కన నిలబడి నూరు శాతం పెట్టించు. ప్లాన్ మూలలో పది సెంటీమీటర్ల గీత ఒకటి గీసి ప్రింట్ చేయించు, స్కేలు పెట్టి చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇక గొట్టం. వ్యవసాయ సామాన్ల కొట్టులో 40 మి.మీ. పీవీసీ పైపు మీటరు ముక్క అడుగు. మన దగ్గర ఆ పైపుల సైజు చెప్పేది బయటి వ్యాసమే, కాబట్టి మన పనికి అచ్చుగా సరిపోతుంది. దాని మీద పాత ఓహెచ్‌పీ షీట్లు, అంటే నూరు మైక్రాన్ల (0.1 మి.మీ.) ప్లాస్టిక్, రెండు చుట్లు చుట్టి టేపు వెయ్. రెండు పక్కలా కలిపి వ్యాసం 40.4 అయింది. దాని మీద గోధుమరంగు క్రాఫ్ట్ పేపరు, 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 120 గ్రాములు), మూడు చుట్లు. ఒక్కో పొర 0.17, 0.18 ఉంటుంది. మూడు పొరలకు అర మిల్లీమీటరు దాటుతుంది. ఇంకేం కావాలి! కాగితం 40 సెం.మీ. వెడల్పు కత్తిరిస్తే మూడు చుట్లకు సరిపోతుంది. మొదటి చుట్టుకు జిగురు రాయొద్దు. మిగతా రెంటికీ ఫెవికాల్ కాస్త నీళ్లు కలిపి పల్చగా, బ్రష్‌తో. మైదా జిగురు మాత్రం వద్దు, ఇంట్లో చీమలకు విందు పెట్టినట్టే.

ఒక రోజంతా పైపు మీదే ఆరనీ. తొందరపడి తీస్తే అరటి దొప్పలా వంగుతుంది.

తిరుచానూరు రోడ్డు:
మాష్టారూ, దండాలు. ఒక్క సందేహం. దీపావళి చిచ్చుబుడ్డి మందు కొంచెం పెట్టి ఒక్కసారైనా ఎగరేస్తే ఎలా ఉంటుంది? మా బావమరిది ఒకటే పోరు.

చిత్తూరు మాష్టారు:
వద్దు. నీ బావమరిదికి నేను చెప్పానని చెప్పు. ఆ రాకెట్లలో వాడేది ఫ్యాక్టరీలో ఒత్తి చేసిన ఇంజన్, 18 మి.మీ. వ్యాసం, 70 మి.మీ. పొడవు. ఎంత బలంతో తోయాలో, ఎన్ని సెకన్ల తర్వాత పారాచూట్ బయటికి తన్నాలో అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. చిచ్చుబుడ్డి మందు గొట్టంలో కూరితే అది బాంబు. లైసెన్సు లేకుండా అలాంటివి చేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం కూడా. వేళ్లు పోయాక చట్టం ఎందుకులే. 18 మి.మీ. కట్టె ముక్క గుండ్రంగా చెక్కించి, 70కి కోసి, గోధుమరంగు కాగితం చుట్టి లోపల పెట్టు. చూసేవాడికి తేడా తెలియదు. ఎగరేయాలని అంత ఉబలాటంగా ఉంటే చిన్న కాగితపు రాకెట్ చేసి, కూల్‌డ్రింక్ సీసా మీద కాలితో తొక్కి గాలితో ఎగరేసుకోండి. రేణిగుంట ఎయిర్‌పోర్టు వైపు మాత్రం వద్దు.

పాకాల లేత్‌వర్క్:
రెక్కలకు బాల్సా కోసం ఆన్‌లైన్‌లో డబ్బు తగలేయకు. ఫ్లెక్స్ షాపులో 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక) ముక్కలు చెత్తలో పడేస్తారు, అడిగితే ఊరికే ఇస్తారు. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పలచగా ఉప్పు కాగితంతో రుద్దు. ఒకవేళ బాల్సానే కావాలంటే, నార వెళ్లే దిక్కు రెక్క ముందు అంచుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా కోస్తే తుమ్మినా విరుగుతుంది. నార గుంతలు మూయడానికి పెయింట్ షాపులో శాండింగ్ సీలర్ తెచ్చి, పాండ్స్ పౌడరు కలిపి రెండు మూడు కోట్లు పూయి. ఇంట్లో అందరూ ఏంట్రా వాసన అంటారు, భరించు.

నాలుగు రెక్కలకు గుర్తులు పెట్టేది ఇట్లా: కాగితపు పట్టీ గొట్టం చుట్టూ చుట్టి, కలిసిన చోట కోసెయ్. సుమారు 131 మి.మీ. వస్తుంది. దాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు భాగాలు. మళ్లీ చుట్టి గుర్తులు పెట్టు. నిలువు గీత కోసం గొట్టాన్ని ఇనుప యాంగిల్ ముక్కలో పడుకోబెట్టి అంచు వెంబడి పెన్సిల్ లాగు. కంటి అంచనాతో గీస్తే రెక్కలు తలో దిక్కూ చూస్తాయి.

తిరుచానూరు రోడ్డు:
ఘోరం జరిగింది. గొట్టం బ్రహ్మాండంగా ఆరింది, పైపు మీద నుంచి రావడం లేదు! నేను ఒక కొస, మా ఆవిడ ఒక కొస పట్టుకుని లాగాం. నవ్వుతూ ఇద్దరం పడ్డాం కానీ అది కదల్లేదు.

పాకాల లేత్‌వర్క్:
మొదటి చుట్టు కింద ఫెవికాల్ పారి ఉంటుంది. లాగొద్దు, కాగితం చిరుగుతుంది. ఓహెచ్‌పీ షీటు కొస దొరికితే ముందు దాన్ని మెల్లగా తిప్పుతూ లాగు. అది వచ్చిందంటే గొట్టం దానంతట అదే వదులవుతుంది. ఇంకోసారి చుట్టేటప్పుడు ముందే పైపు మీద కొవ్వొత్తి రుద్దు.

చిత్తూరు మాష్టారు:
ఇంకొకటి, మర్చిపోయాను. ఇంజన్ కూర్చునే సన్న గొట్టాన్ని పెద్ద గొట్టం మధ్యలో పట్టి ఉంచే అట్ట చక్రాలు లోపల అతికించేటప్పుడు ఫెవికాల్ దట్టంగా పూయొద్దు. ఆరేటప్పుడు అది కుంచించుకుని గొట్టాన్ని లోపలికి లాగేస్తుంది. బయట నడుము సన్నబడినట్టు గీత పడుతుంది, నల్ల పెయింట్ వేశాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పల్చగా రెండుసార్లు రాయి.

సూళ్లూరుపేట పిల్లోడు:
అన్నా, నాదో మాట. బెర్తా అయ్యాక అదే 41.6 గొట్టంతో మన ఇస్రో పాత రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 చెయ్యి. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్లింది అదే కదా, మనకు వింటేజ్ అంటే అదే. అసలుది 22 మీటర్ల ఎత్తు, మొదటి దశ ఒక మీటరు వ్యాసం. లెక్క వేశా, 24వ వంతు వస్తుంది, ఎత్తు 91 సెం.మీ. పై దశలు సన్నమే, వాటికి చిన్న పైపుల మీద చుట్టుకోవాలి.

తిరుచానూరు రోడ్డు:
పిల్లోడా, నన్ను ఇంట్లోంచి గెంటించేలా ఉన్నావే! సరే, నోట్ చేసుకున్నా.

కొత్త సంగతులు: షీటు లాగితే గొట్టం వచ్చేసింది. వెర్నియర్ పెట్టి చూస్తే 41.7. మాష్టారికి పాదాభివందనం. ముక్కు కోసం మాధవమాల వెళ్లాను. చెక్క బొమ్మలు చెక్కే పెద్దాయన నా కాగితపు అచ్చు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ గుడి కలశం సామీ ఇది?" అన్నాడు. రాకెట్ ముక్కు అంటే నమ్మలేదు. కానీ చెక్కిన తీరు చూడాలి, లోపలికి దిగే భాగం చేత్తో నెడితే టక్కున కూర్చుంది. వారంలో పెయింట్. స్ప్రే డబ్బా తెచ్చా. మేడ మీద కొట్టొచ్చా?

పాకాల లేత్‌వర్క్:
ఈ ఎండల్లో మధ్యాహ్నం వద్దు, పెయింట్ గాల్లోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు పడుతుంది. పొద్దున ఎనిమిది లోపల, గాలి లేనప్పుడు కొట్టు. వానాకాలం దాకా ఆగినా కష్టమే, తేమకు నలుపు మీద తెల్లటి పొగ పడుతుంది. ముందు తెల్ల ప్రైమర్, రుద్దు, మళ్లీ ప్రైమర్. ఆ తర్వాతే నలుపు.

తిరుచానూరు రోడ్డు:
ఆదివారం పొద్దున ఆరున్నరకు మేడ ఎక్కుతున్నా. మా ఆవిడ ఆరేసిన బట్టలు ముందు తీసెయ్యాలి.