పొద్దున 46, సాయంత్రానికి 38: కాటలిస్ట్ టెస్టింగ్‌లో ఎక్కడ తప్పుతున్నాను?

కావలి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది కావలి, నెల్లూరులో ఎం.టెక్ చేస్తున్నా. ప్రాజెక్ట్ హైడ్రోజన్ లిక్విఫాక్షన్‌లో, అంటే గ్యాస్‌ని లిక్విడ్ చేసేటప్పుడు, వాడే ఐరన్ ఆక్సైడ్ కాటలిస్ట్ (మార్పుని వేగం చేసే పౌడర్). ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కాస్టిక్ పోసి, అడుగున చేరిన ఎర్రమడ్డిని ఎనిమిది సార్లు కడిగి, ఆరబెట్టి, నలగ్గొట్టి, 30–50 మెష్ జల్లెడ పట్టాను. దాన్ని పావు అంగుళం స్టీలు ట్యూబులో నింపాను. గ్యాస్ ముందే చల్లబడాలని ట్యూబు మొదట్లో చుట్టలు చుట్టి, మొత్తం లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచుతున్నా. ఈ నైట్రోజన్ దొరికే చోటు మా ఊళ్లో పశువులకు సూదులేసే ఆయన చూపించాడు. ఆయన క్యాన్‌లో ఒంగోలు కోడె వీర్యం, నా క్యాన్‌లో డిగ్రీ!

మొదటి రోజు పొద్దున బయటికొచ్చే గ్యాస్‌లో పారా అనే రకం హైడ్రోజన్ 46 శాతం, సాయంత్రానికి 38. రాత్రికి నైట్రోజన్ ఆవిరైపోతుంది. మర్నాడు మళ్లీ పోస్తే 44తో మొదలై 36కి దిగింది. మూడో రోజు పొద్దున 41. పౌడరే బాగాలేదు, మళ్లీ చెయ్యమంటున్నారు మా గైడ్. వచ్చే నెల రివ్యూ, ఒకటే టెన్షన్.

చీమకుర్తి రాళ్లబ్బాయి:
అన్నా, తెలియక అడుగుతున్నా. చల్లబరిస్తే గ్యాస్ అదే లిక్విడ్ అవుతుంది గదా, మధ్యలో ఈ పౌడర్ దేనికి?

సూళ్లూరుపేట తాత:
రాళ్లబ్బాయ్, మంచి ప్రశ్న. హైడ్రోజన్ అణువులోని రెండు ప్రోటాన్ల స్పిన్ ఒకే దిక్కున ఉంటే ఆర్థో, ఎదురెదురుగా ఉంటే పారా. మామూలు గదిలో 75 పాళ్లు ఆర్థోనే. 20 కెల్విన్ దగ్గరేమో దాదాపు మొత్తం పారా అయిపోవాలి, కానీ ఆ మార్పు తనంతట తాను మహా నిదానంగా జరుగుతుంది. కాటలిస్ట్ లేకుండా లిక్విడ్ చేసి ట్యాంకులో పోశావనుకో, అక్కడ మారుతూ కిలోకి 527 కిలోజౌళ్ల దాకా వేడి వదులుతుంది. కిలో లిక్విడ్ ఆవిరి కావడానికి 446 చాలు. ట్యాంకు ఎంత గట్టిదైనా సరుకు లోపల్నుంచే మరిగిపోతుంది. రాకెట్‌కి నింపేవాళ్లకి ఇది ప్రాణసంకటం.

ఇక కావలి బాబూ, 46 తక్కువేం కాదు. మైనస్ 196 డిగ్రీల దగ్గర 50కి మించి రాదు. నీ పౌడర్ బాగుంది, గ్యాసే బాగాలేదు. నువ్వు రాసిందే మళ్లీ చదువుకో: పగలంతా పడిపోయి, రాత్రి వేడెక్కాక కొంత తేరుకుంటోంది. సిలిండర్‌లో హైడ్రోజన్‌తో కలిసొచ్చే కొసరు నైట్రోజన్ లాంటివి చల్లటి పౌడర్‌కి అతుక్కుని, వేడెక్కాక వదిలిపోతున్నాయి. తడి సంగతి వేరు. అది పగలు చుట్టలోనే గడ్డకడుతుంది, రాత్రి కరిగి, పొద్దున వాల్వు తిప్పగానే నేరుగా పౌడర్ మీదికి పోతుంది. అందుకే రోజూ మొదటి రీడింగ్ కూడా దిగుతోంది.

పౌడర్‌ని ఒక రాత్రి 120 డిగ్రీల దగ్గర పొడి గ్యాస్ పోనిస్తూ ఉంచు. ఎక్కువ కాల్చావో, హెమటైట్ అయి పనిచెయ్యకుండా కూర్చుంటుంది. చుట్టకి ముందు, ఈ మలినాల్ని పట్టేసేలా, విడిగా నైట్రోజన్‌లో ముంచిన ట్రాప్ పెట్టు. అందులో బొగ్గు మాత్రం వద్దు! 1929లో బాన్‌హోఫర్, హార్టెక్ అనే శాస్త్రవేత్తలు పారా తయారుచేసిందే బొగ్గుతో. ట్రాపే పనంతా చేసేస్తే నువ్వు కొలిచేది ఏంది? తడినీ మలినాల్నీ పీల్చే గుళికలు, మాలిక్యులర్ సీవ్ పెట్టు. పౌడర్ లేకుండా ఒకసారి నడిపి 25 వస్తోందో లేదో చూసుకో. సాయంత్రం ట్రాప్‌ని విడదీశాకే వేడెక్కనివ్వు. వదిలే గ్యాస్ పైపు కిటికీ బయట ఉండాలి, చెప్పలేదనొద్దు.

కావలి కుర్రాడు:
తాతా, వారం పట్టింది. పౌడర్ లేకుండా 25, కదల్లేదు. పౌడర్‌తో పొద్దున 47, సాయంత్రం 45. ఆ రెండూ ఎక్కడ పోయాయో?

సూళ్లూరుపేట తాత:
సాయంత్రానికి నైట్రోజన్ మట్టం ఎంతుంది?

కావలి కుర్రాడు:
పౌడర్ ట్యూబు పైన రెండు అంగుళాలు బయటికి తేలి ఉంది.