మూడు వారాలైనా మానని రొమ్ము చీముగడ్డ: ఆ పక్క పాలు ఆపేయాలా?

సర్జరీ వార్డు నర్సు: ఆపేయాలనే అంటాను. కోసి చీము తీసిన గాయంలోంచి పాలు కారుతుంటే అది పూడేదెప్పుడు? కట్టు గంటకే తడిసిపోతుంది, చుట్టూ చర్మం నానిపోయి తెల్లగా పాలిపోతుంది.

పాల సలహాదారు: చర్మం నానడం నిజమేనండీ. కానీ ఉన్నపళంగా మానిపిస్తే రొమ్ము రాయిలా బిగుస్తుంది, వాపు పెరుగుతుంది, చీము మళ్లీ చేరవచ్చు. పాలు కారే ఆ దారి చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే మూసుకుంటుంది. నెలలు నిండి పుట్టిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి ఆ పాలతో హాని లేదు. నోరు చీముకీ గాయానికీ తగలకూడదు, అంతే. కోత చనుమొనకి మరీ దగ్గరైతే కొన్నాళ్లు చేత్తో పిండండి, అదీ బిడ్డ తాగేంతే. "ఖాళీ చేయాలి" అని పంపు మీద పంపు పెడితే పాలు ఇంకా ఊరతాయి. గట్టిగా మర్దనా చేస్తే లోపలి కండ నలిగి వాపు ఎక్కువవుతుంది.

సర్జన్: పాల మీద వాదన సరే, గడ్డ ఎందుకు మానడం లేదో ముందు తేల్చండి. మళ్లీ అల్ట్రాసౌండ్ చేస్తే ఒక్కోసారి విడివిడి గదుల్లో చీము మిగిలి కనిపిస్తుంది. పైచర్మం బాగుంటే స్కాన్ చూస్తూ లావుపాటి సూదితో లాగడమే మొదటి పద్ధతి. చీము చిక్కగా ఉంటే సెలైన్‌తో కడిగి తీస్తాం, 2-3 రోజులకోసారి మళ్లీ చూస్తాం. 5 సెం.మీ. దాటిన గడ్డకి సూది చాలకపోవచ్చు, సన్నని గొట్టం పెట్టాలి. చర్మం పల్చబడి మెరుస్తున్నా, నల్లబడినా చిన్న కోత తప్పదు. అప్పుడు కూడా లోపల గుడ్డ బిగించి కుక్కకూడదు.

తీసిన చీమును, అందులోని క్రిమిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష‌కి పంపకుండా మందులు మార్చుకుంటూ పోవడం పెద్ద తప్పు. ఎక్కువగా దొరికేది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. అది మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగని రకమైతే క్లాక్సాసిలిన్, సెఫాలెక్సిన్ ఎన్నాళ్లు వాడినా పనిచేయవు. కల్చర్‌లో ఏమీ పెరగక, గడ్డ మాత్రం గట్టిగా అలాగే ఉంటే దాని గోడ నుంచి ముక్క తీసి పరీక్షించాలి. టీబీ, గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ (క్యాన్సర్ కాని, దీర్ఘకాలపు రొమ్ము వాపు), అరుదుగా క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తాయి.

సర్జరీ వార్డు నర్సు: ముక్క పరీక్ష మాట ఒప్పుకుంటాను. అయినా తల్లి ఇక నా వల్ల కాదంటే ఆమె మాటే చెల్లాలి. ఒక్కో పూట తగ్గిస్తూ నెమ్మదిగా మానిపిద్దాం.

పాల సలహాదారు: దానికి నాకేం అభ్యంతరం లేదండీ. ఇస్తానంటే మాత్రం, బిడ్డ తాగుతున్నంతసేపు శుభ్రమైన గాజ్ మడత గాయం మీద ఉంచి అరచేత్తో మెల్లగా ఒత్తి పట్టుకోమనండి, కారడం తగ్గుతుంది. తడిసిన కట్టు వెంటనే మార్చి, చుట్టూ చర్మానికి జింక్ క్రీమ్ పలుచగా రాయండి, చనుమొనకి తగలకుండా.