వెరవా, వెరపా? సత్యభామ సీసంలో ఒక్క అక్షరం
(మాట్లాడేవాళ్ల పేర్లకు బదులు మద్రాసులో వాళ్ల పేటల పేర్లు)

మాంబలం: మా కాలనీ తెలుగు మహిళల గోడపత్రికకి, మద్రాసులో ఆడవాళ్లు పోలీసులైన కథ రాస్తున్నాను. 1973లో ఒక ఎస్సై, ఒక హెడ్ కానిస్టేబుల్, 20 మంది కానిస్టేబుళ్లతో మొదలైంది. పైన, పోతన భాగవతంలో సత్యభామ నరకాసురుడి మీద విల్లు పట్టినప్పటి సీస పద్యం పెడదామని. "వీణఁ జక్కఁగఁ బట్ట వెరపెఱుంగని కొమ్మ, బాణాసనం బెట్టు పట్ట నేర్చె" అని మా అమ్మ చదివేది. "వెరవెఱుంగని" అని మా ఆడపడుచు పట్టు. ఏది?

పెరంబూర్: వెరవే. నేర్పు అని అర్థం. భయమైతే వెఱపు, అది బండి ర. ఇక్కడున్నది మామూలు ర.

అన్నానగర్: మాస్టారూ, రాతప్రతుల్లో రెండు రేఫలూ (ర, ఱ) కలిసిపోయాయి కదా, బండి రతో ఎలా తేలుస్తారు? ఛందస్సూ తేల్చదు. "వెరవెఱుం", "వెరపెఱుం" రెండూ నగమే, మూడు లఘువులు, ఒక గురువు. యతి వీ–వె ఎటైనా చెల్లుతుంది.

పెరంబూర్: కింది పాదాలు చూడండి. తీఁగఁ గూర్పంగ నేరని లేమ, ముత్యము గ్రువ్వఁ జాలని యబల. అన్నీ చేతకానితనాలే. మొదటి పాదంలో మాత్రం ధైర్యం ఎందుకొస్తుంది? పైగా వెరపు అంటే "పట్ట" దేనికీ అతకదు.

విల్లివాక్కం: వెరవే అయితే ఆ 22 మంది మీద ఈ పద్యం వద్దక్కా. "వీణే పట్టలేనిది విల్లెలా పట్టింది" అని అడగడం, ఆడపిల్లకి లాఠీ ఎందుకన్నవాళ్ల మాటే. 1976లో ఐపీఎస్‌లోకి వచ్చిన తిలకవతి గారు తమిళంలో నవలలు రాసి, 2005లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నారు. "చిలుకకుఁ బద్యంబు సెప్ప నేరని తన్వి" అని ఆవిడని అనగలమా?

పెరంబూర్: పోతనని అంత మాట అనకమ్మా. "ననఁగ మెఱసె" అన్నాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేలా మెరిసిందని. సంస్కృత భాగవతంలో సత్యభామ గరుత్మంతుడి మీద వెంట వెళ్తుంది, అంతే. చేతికి విల్లిచ్చింది మన కవి. "పరుఁ జూచున్ వరుఁ జూచు" చదవండి, శత్రువు మీద కోపం, మగడి మీద వలపు ఒక్క చూపులో!

కోడంబాక్కం: పోతన కన్నా ముందే నాచన సోమన తన ఉత్తరహరివంశంలో ఇచ్చాడు ఆ విల్లు. "అరిఁ జూచున్ హరిఁ జూచు". అరి, హరి: ఒక్క హకారం తేడాతో శత్రువూ మగడూ. ఆ పొదుపు పోతనలో లేదు.

పెరంబూర్: పొదుపు సోమనదే, ఒప్పుకుంటాను. తేనె పోతనది.

అన్నానగర్: ఆ లెక్కన మద్రాసూ మొదటిది కాదు. తిరువాన్కూరు సంస్థానం 1933లోనే ఆడవాళ్లని పోలీసుల్లోకి తీసుకుంది. 1938లో కాన్పూరు, కార్మికుల సమ్మె సమయంలో. దేశంలో తొలి మహిళా పోలీస్ స్టేషన్ కేరళ కోళికోడ్‌లో, 1973లో. మన థౌజండ్ లైట్స్‌ది 1992.

విల్లివాక్కం: మొదలెవరన్నది సరే. మా వదిన ఇక్కడే కానిస్టేబుల్. బందోబస్తు పడిన రోజు పొద్దున్న కాఫీ కూడా ముట్టేది కాదు. రోడ్డు పక్క గంటలకొద్దీ నిలబడాలి, బాత్రూం ఉండదు. మధ్యాహ్నానికి పెదాలు పగిలిపోయేవి. ఆడవాళ్లని అలా దారి పొడవునా నిలబెట్టొద్దని 2021లో ప్రభుత్వం చెప్పింది. అంటే తొలి దళం వచ్చిన 48 ఏళ్లకి! మీ గోడపత్రికలో ఇది రాయండక్కా, పద్యం లేకపోయినా ఫరవాలేదు.

మాంబలం: రాస్తాను, తప్పకుండా. లతికా శరణ్ గారు 2006లో నగర కమిషనర్, 2010లో రాష్ట్ర డీజీపీ అయిన సంగతి పక్కనే మీ వదిన గారి మాటా ఉంటుంది. పద్యం మాత్రం తీయను. మా అమ్మ గొంతులో "వెరపెఱుంగని" అంటే బెదురు తెలియనిదనే వినపడేది.

పెరంబూర్: అమ్మగారి గొంతు మీద గౌరవంతోనే చెబుతున్నా, అచ్చులో వెరవే వేయండి.

కోడంబాక్కం: బాణాసనం "బెట్టు"నా, "బెట్లు"నా? నా దగ్గరున్న ప్రతిలో "బెట్లు".

పెరంబూర్: ఎట్టు అనే అనుకుంటాను. ఏ ప్రతండీ మీది?