జేజినాయన మంగలి కత్తికి కడప బండ చాలా, కొన్న రాయే కావాలా?

ప్రొద్దుటూరు కుర్రోడు:
మా జేజినాయన గడ్డం గీసుకున్న కత్తి ట్రంకు పెట్టె అడుగున దొరికింది. పిడి మొదట్లో సోలింగెన్ (కత్తులకు పేరున్న జర్మనీ ఊరు) అని చెక్కి ఉంది. తుప్పు పట్టింది, అంచులో చిన్న నొక్కు కూడా ఉంది. పాలిష్ పట్టిన కడప బండ ముక్క మీద నీళ్ళు చల్లి నూరితే చాలు, పాతకాలం వాళ్ళు అంతే చేసేవాళ్ళు అంటాడు మా మామ. ఫ్రెండేమో 12000 గ్రిట్ రాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) లేకుండా ముట్టుకోవద్దంటాడు. దాని ధర చూసి కళ్ళు తిరిగాయి.

బురుజు పక్కన, కర్నూలు:
మామ మాట వినద్దు తమ్ముడూ. కడప బండ సున్నపురాయి. వంటింటి గట్టు మీద నిమ్మరసం పడితే మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది చూడు, అదే సున్నమని గుర్తు. సున్నపురాయి మెత్తనిది, గట్టి ఉక్కును ఏం కోస్తుంది? బెల్జియం కోటిక్యూల్ సానరాయిలో గార్నెట్ అనే గట్టి ఖనిజం గింజలుంటాయి, ఆర్కన్సాస్ రాయి మొత్తం సిలికానే, కంపెనీ రాళ్ళలో అల్యూమినియం ఆక్సైడో కార్బొరండమో ఉంటుంది, కోసేది అవి. అలాగని ఫ్రెండ్ మాటా వద్దు. నొక్కు పోవాలన్నా అంచు కుదరాలన్నా 1000 రాయి మీదే, అక్కడ కుదరకపోతే 12000 మీద ఎంత రుద్దినా మెరిసే మొద్దు కత్తే మిగులుతుంది.

తాడిపత్రి పాతసామాను:
అంత తీసిపారేయొద్దన్నా. మన బండ శుద్ధ సున్నం కాదు, మట్టీ సిలికా కూడా కలిసుంటాయి. మా వీధి సెలూన్ పెద్దాయన అరచేయంత నల్లరాయి మీద నాలుగు సార్లు లాగి, తోలు పట్టీ మీద తిప్పి పని కానిచ్చేవాడు, నేను కళ్ళారా చూశాను. ఎయిడ్స్ భయం వచ్చాక సగం బ్లేడు పెట్టే కత్తి వచ్చింది కానీ, అంతకుముందు ఊరంతా అలాగే గీయించుకుంది కదా?

బురుజు పక్కన, కర్నూలు:
అది ముందే పదునున్న కత్తి అన్నా, రోజూ నాలుగు సార్లు లాగితే నిలబడుతుంది. ఇది ఏళ్ళ తరబడి పెట్టెలో పడున్న కత్తి. రెండూ ఒకటెట్లా అవుతాయి?

తమ్ముడూ, బండ పారేయకు. దాని మీద వాటర్ పేపర్ (గరుకు కాగితం) తడిపి పరిచి, సానరాయి మీద పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి, అన్నీ చెరిగిపోయేదాకా ఆ పేపరు మీద రుద్దు, అప్పుడే రాయి సమంగా ఉన్నట్టు. ఆ తర్వాత కత్తి వీపూ అంచూ రెండూ ఒకేసారి రాయికి ఆనించి, అంచు ముందుకు పెట్టి, బరువు వేయకుండా తోయి. కోణం నువ్వు చూసుకోనక్కర్లేదు, వీపు మందమే చూసుకుంటుంది. తోలు మీద మాత్రం వీపు ముందు, లేకపోతే తోలు తెగుతుంది.

మోటారు చక్రం దగ్గరికి మాత్రం తీసుకుపోవద్దు. నాకొక ఇంగ్లండు షెఫీల్డ్ కత్తి ఉండేది, సంతలో సాన పట్టేవాడికిచ్చాను, నిప్పురవ్వలు చూసి సంబరపడ్డాను, చేతికి వచ్చేసరికి అంచు నీలం తిరిగి ఉంది. వేడికి గట్టితనం పోయింది, ఇప్పుడది కవర్లు చించడానికి కూడా పనికిరాదు.

తాడిపత్రి పాతసామాను:
వేడి సంగతి ఒప్పుకుంటా. తుప్పు కూడా సన్న పేపరు, నూనెతో చేత్తోనే తీయి, అద్దంలా మెరవాలనే పిచ్చి వద్దు, ఆ సోలింగెన్ అక్షరాలు అరిగిపోతే ఇంకేం మిగుల్తుంది?

ప్రొద్దుటూరు కుర్రోడు:
1000, 6000 రెండు వైపులా ఉన్న రాయి కొన్నాను. నొక్కు పోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. చేతి మీద వెంట్రుకలు తెగుతున్నాయి, చెంప మీద బాగానే ఉంది, గడ్డం కింద ఇంకా లాగుతోంది. మామ మాత్రం తన బండ వల్లే పదునొచ్చిందని బజారంతా చెప్పుకుంటున్నాడు.