డప్పుకి ప్యారలల్ కంప్రెషన్ పెడితే బరువు పోతుంది, రీపర్ రౌటింగ్‌లో తప్పెక్కడ?

ఉప్పల్_ట్రాక్స్

అన్నలూ, బోనాల పాట మిక్స్ నడుస్తుంది, ఆషాఢం లోపు ఇచ్చేయాలె. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ 7, 48 కిలోహెర్ట్జ్, 120 బీపీఎం, తిశ్ర నడక (బీటుకి మూడు). డప్పు రెండు మైకులతో రికార్డైంది: ఒకటి జానెడు దూరంల, ఇంకోటి మీటరు దూరంల. లీడ్ వోకల్ ఒకటి, కోరస్ నాలుగు, కీబోర్డు.

డప్పుకి ప్యారలల్ కంప్రెషన్ (అసలు శబ్దానికి బాగా నొక్కిన నకలు కలుపుడు) కోసం దగ్గరి మైకు ట్రాక్‌ని డూప్లికేట్ చేసి, దాని మీద వరసగా ఇవి పెట్టిన: 150 హెర్ట్జ్ దగ్గర 24 డిబి హై పాస్ (లోతు శబ్దాన్ని కోసే ఫిల్టర్), కంప్రెసర్ (గట్టి చప్పుళ్లని నొక్కేది), ఓవర్‌శాంప్లింగ్ ఉన్న ఒక ఫ్రీ శాచురేషన్ ప్లగిన్. ఆ ట్రాక్ సోలోల మస్తు గట్టిగుంది. అసలు ట్రాక్‌తోని కలిపితే మాత్రం దెబ్బల బరువు పోయి రేకు డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది. కంప్రెసర్ సెట్టింగులు ఎంత మార్చినా అంతే.

రెండోది, వోకల్స్ ఐదు ట్రాకుల మీద ఐదు రివర్బులు ఇన్సర్ట్‌గా (ఆ ట్రాక్ మీదనే) ఉన్నయ్, వెట్ (రివర్బ్ శబ్దం) 30 శాతం. అన్నిటికీ కలిపి ఒకటే రివర్బ్ సెండ్ (వేరే ట్రాక్‌కి పంపే నకలు) పెడితే, సెండ్ పెంచినకొద్దీ గొంతు కూడా పెరుగుతుంది, మాటలు కూడా మునుగుతున్నయ్. రెండిటికీ రౌటింగ్ ఎట్ల ఉండాలె?

శ్రుతి_బాక్స్

డప్పు సంగతి ముందు. తప్పు కంప్రెసర్‌లో లేదు, దాని ముందున్న హై పాస్‌లో ఉంది.

మామూలు ఈక్యూలో హై పాస్ పెడితే లెవెల్ ఒక్కటే మారదు, ఫేజ్ (తరంగం ఎత్తుపల్లాల స్థానం) కూడా తిరుగుతుంది. 24 డిబి బట్టర్‌వర్త్ వాలుకి కటాఫ్ దగ్గర ఫేజ్ సరిగ్గా 180 డిగ్రీలు తిరిగిపోతుంది, లెవెల్ 3 డిబి తగ్గుతుంది. అంటే 150 హెర్ట్జ్ దగ్గర అసలు ట్రాక్ 1 అయితే ప్యారలల్ ట్రాక్ మైనస్ 0.7. రెండూ సమాన లెవెల్లో కలిస్తే మిగిలేది 0.3, అంటే దాదాపు 10.7 డిబి గుంట. సిర్ర (లావు పుల్ల) దెబ్బలో బరువంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. చిటికెన పుల్ల (సన్న పుల్ల) చప్పుడు ఎంతో పైన ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. అందుకే రేకు డబ్బా శబ్దం మిగులుతోంది.

అదే 12 డిబి వాలు అయితే కలిపినప్పుడు తగ్గేది ఒకటిన్నర డిబి, అదీ కటాఫ్‌కి బాగా కింద. 6 డిబి వాలుకి అసలు గుంట పడదు. లీనియర్ ఫేజ్ ఈక్యూ పెట్టినా ఫేజ్ సమస్య పోతుంది గానీ, ప్రతి దెబ్బకీ ముందు చిన్న గుసగుస లాంటి ప్రీ రింగింగ్ వస్తుంది. డప్పు లాంటి వాయిద్యానికి అది నాకు ససేమిరా నచ్చదు.

మీకు హై పాస్ ఎందుకు కావాలనిపించిందో ఊహించగలను. లో ఎండ్ (లోతు శబ్దం) వల్ల కంప్రెసర్ ఊగిపోతుందనే కదా? దానికి ఆడియోలో కోత అక్కర్లేదు. రీపర్ సొంత కంప్రెసర్ రీకాంప్‌లో డిటెక్టర్‌కి (ఎప్పుడు నొక్కాలో వినే భాగానికి) వేరుగా హై పాస్ స్లైడర్ ఉంది, దాన్ని 150కి జరపండి. కంప్రెసర్ వినేది మాత్రమే మారుతుంది, బయటికొచ్చే శబ్దంలో లో ఎండ్ అలాగే ఉంటుంది.

ఇక రౌటింగ్. డూప్లికేట్ ట్రాక్ తీసేయండి. రేపు అసలు ట్రాక్‌లో ఒక దెబ్బ కట్ చేసి జరిపితే డూప్లికేట్‌లో జరగదు, అక్కడ్నించి రెండూ రెండు దారులు. ఇలా కట్టండి:

1. 'డప్పు బస్' అని ఫోల్డర్ ట్రాక్. దాని లోపల దగ్గరి మైకు, దూరపు మైకు, 'క్రష్' అనే ఖాళీ ట్రాక్.
2. దగ్గరి మైకు ట్రాక్‌లోని రౌట్ బటన్‌ని పట్టుకుని క్రష్ ట్రాక్ మీదికి లాగి వదలండి. సెండ్ విండో వస్తుంది.
3. సెండ్ మోడ్ డిఫాల్ట్‌గా పోస్ట్ ఫేడర్ ఉంటుంది. దాన్ని 'ప్రీ ఫేడర్, పోస్ట్ ఎఫ్ఎక్స్' (ఫేడర్‌కి ముందు, ప్లగిన్ల తర్వాత) చేయండి, లెవెల్ 0 డిబి.
4. క్రష్ మీద రీకాంప్: రేషియో 10, ఎటాక్ 3 మిల్లీసెకన్లు, రిలీజ్ 60, ఆటో మేకప్ ఆఫ్. గెయిన్ రిడక్షన్ (నొక్కుడు) గట్టి దెబ్బలకి 15 నుంచి 20 డిబి పడేవరకూ థ్రెషోల్డ్ (నొక్కడం మొదలయ్యే లెవెల్) దించండి.

మూడో మెట్టు ఎందుకంటే, పోస్ట్ ఫేడర్‌లో ఉంచి చరణంలో డప్పు ఫేడర్‌ని 4 డిబి దించారనుకోండి, కంప్రెసర్‌లోకి పోయేది కూడా 4 డిబి తగ్గుతుంది, థ్రెషోల్డ్ మాత్రం అక్కడే ఉంటుంది. నొక్కుడు తగ్గి స్వభావమే మారిపోతుంది. ప్రీ ఫేడర్ పెట్టి, ఆటోమేషన్ అంతా ఫోల్డర్ ఫేడర్ మీద రాస్తే రెండు దారులూ ఒకే నిష్పత్తిలో కదులుతాయి.

రిలీజ్‌ని 20 మిల్లీసెకన్ల కిందికి దించకండి. 100 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టుకి 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. రిలీజ్ దాని దగ్గరికొస్తే కంప్రెసర్ దెబ్బని వదిలేసి తరంగాన్నే నొక్కడం మొదలుపెడుతుంది, బర్రుమని డిస్టార్షన్ వస్తుంది.

ఒక్క జాగ్రత్త: క్రష్ ట్రాక్‌కి సెండ్ ఫోల్డర్ నుంచి తీయకండి. క్రష్ ఆ ఫోల్డర్ లోపలే ఉంది కాబట్టి అది ఫీడ్‌బ్యాక్ వలయం అవుతుంది.

మౌలాలి_మిక్స్

హై పాస్ తీసేశాక కూడా పల్చగా ఉంటే ఆ శాచురేషన్ ప్లగిన్‌ని అనుమానించండి. ఓవర్‌శాంప్లింగ్‌కి (లోపల శాంపుల్ రేటు పెంచుకోవడానికి) కొన్ని శాంపుల్స్ ఆలస్యం అవుతుంది. ప్లగిన్ ఆ సంఖ్య నిజం చెబితే రీపర్ మిగతా ట్రాకుల్ని అంతే ఆపి సరిచేస్తుంది, చెప్పకపోతే చేయలేదు. ఎఫ్ఎక్స్ విండో అడుగున సీపీయూ పక్కన శాంపుల్స్ సంఖ్య కనబడుతుంది, కానీ అది ప్లగిన్ చెప్పుకునే లెక్క మాత్రమే.

అసలు పరీక్ష ఇది. దూరపు మైకు మ్యూట్. దగ్గరి మైకు, క్రష్ ఫేడర్లు రెండూ 0 డిబి, ప్యాన్ మధ్యలో. కంప్రెసర్ థ్రెషోల్డ్ పూర్తిగా పైకి, శాచురేషన్ డ్రైవ్ కనిష్ఠానికి, కానీ రెండూ ఆన్‌లోనే. ఇప్పుడు క్రష్ ట్రాక్ ఫేజ్ బటన్ నొక్కండి. నిశ్శబ్దం వస్తే టైమింగ్ బాగుంది. సన్నటి గరగర ఒక్కటే మిగిలితే అది శాచురేషన్ రంగు, పర్వాలేదు. దెబ్బ ఆకారం వినబడుతుంటే ముందు మీటర్లలో రెండు ట్రాకుల లెవెల్ ఒకటేనా చూడండి, ఒకటే అయితే ఆలస్యం ఉన్నట్టే.

48 కిలోహెర్ట్జ్‌లో 64 శాంపుల్స్ అంటే 1.33 మిల్లీసెకన్లు. చెవికి ఆలస్యంగా తోచదు, కానీ కలిపినప్పుడు 375 హెర్ట్జ్, 1125, 1875 ఇలా వరసగా గుంటలు పడతాయి. అలాంటప్పుడు ఓవర్‌శాంప్లింగ్ ఆఫ్ చేసి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ ప్లగిన్ తీసేసి రీపర్‌తో వచ్చే జేఎస్ శాచురేషన్ పెట్టుకోండి.

దూరపు మైకు కూడా చూడాలి. రెండు మైకుల మధ్య తేడా సుమారు 80 సెంటీమీటర్లు, అంటే 2.3 మిల్లీసెకన్లు, 111 శాంపుల్స్. లెక్క ప్రకారం మొదటి గుంట 216 హెర్ట్జ్ దగ్గర. దూరపు మైకు ఐటెమ్‌ని అంతమేర ఎడమకి జరిపి విని చూడండి. గది గాలి కావాలంటే జరపకుండా ఉంచి, దాని లెవెల్ దగ్గరి మైకుకి 10 డిబి కింద పెట్టండి.

ఉప్పల్_ట్రాక్స్

హై పాస్ తీసి డిటెక్టర్‌ల పెట్టంగనే సగం బరువు వచ్చింది అన్నా. ఫేజ్ టెస్టుల దెబ్బ సాఫ్‌గ వినబడింది, ఓవర్‌శాంప్లింగ్ ఆఫ్ చేస్తే మాయమైంది. ఇప్పుడు రెండు డౌట్లు. క్రష్ ఫేడర్ ఎంతల పెట్టాలె? రీపర్ 7ల ఎఫ్ఎక్స్ చెయిన్‌లోనే ప్యారలల్ ఆప్షన్ ఉంది కదా, దానితోని సెండ్ లేకుంటనే పని కాదా?

శ్రుతి_బాక్స్

ఫేడర్‌ని పూర్తిగా కిందికి దించి మెల్లగా ఎత్తండి. మ్యూట్ చేస్తే లోటు తెలిసే చోట ఆపండి. సాధారణంగా అసలు ట్రాక్‌కి 8 నుంచి 12 డిబి కింద ఎక్కడో కుదురుతుంది. పోల్చేటప్పుడు మోసపోకండి: రెండు ట్రాకులు కలిస్తే మొత్తం లెవెల్ పెరుగుతుంది (ఒకే సిగ్నల్ సమానంగా కలిస్తే 6 డిబి), గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే వినిపిస్తుంది. ఫోల్డర్ ఫేడర్‌తో ఆ పెరుగుదల తగ్గించి అప్పుడు తీర్పు చెప్పండి.

చెయిన్ లోపలి ప్యారలల్ కూడా పనికొస్తుంది. అయితే 'ముందున్న ఎఫ్ఎక్స్‌కి ప్యారలల్' అన్నప్పుడు రెండు ప్లగిన్లకీ ఒకే ఇన్‌పుట్ వెళ్లి, రెండింటి ఔట్‌పుట్ కలుస్తుంది. చెయిన్‌లో ముందు ఏమీ లేకుండా రీకాంప్ ఒక్కటే పెడితే పొడి సిగ్నల్ (నొక్కని అసలు శబ్దం) ఎక్కడా ఉండదు. కాబట్టి మొదట జేఎస్ వాల్యూమ్ అడ్జస్ట్‌మెంట్‌ని 0 డిబిలో పెట్టండి, అది పొడి దారి. దాని కింద రీకాంప్ పెట్టి, రైట్ క్లిక్ చేసి ప్యారలల్ చేయండి. క్రష్ లెవెల్ రీకాంప్ వెట్ స్లైడర్‌తో. ఒక్క ట్రాక్‌కైతే ఇది చక్కగా ఉంటుంది. మీకు రెండు మైకులున్నాయి, లెవెల్ చూసుకోవడానికి ఫేడరూ మీటరూ కావాలి కాబట్టి సెండే మేలు.

ఇంకొకటి. 15-20 డిబి నొక్కిన సిగ్నల్‌ని ఎత్తితే దెబ్బల మధ్య ఉన్న ఫ్యాను చప్పుడు, వీధిలో హారన్లు కూడా అంతే పైకొస్తాయి. రీకాంప్ ముందు రీగేట్ (చిన్న చప్పుళ్లని మూసేసే ప్లగిన్) పెట్టండి, హోల్డ్ 50 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 దగ్గర మొదలుపెట్టి చిటికెన పుల్ల చివరి చప్పుళ్లు తెగకుండా థ్రెషోల్డ్ చూసుకోండి.

కోఠి_కేబుల్

వోకల్ రివర్బ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. సెండ్ పెంచితే గొంతు కూడా పెరుగుతోందంటే రివర్బ్ ట్రాక్‌లో పొడి సిగ్నల్ కూడా బయటికొస్తోంది. రివర్బ్ ప్లగిన్‌లో డ్రై పూర్తిగా దించేయాలి, వెట్ 0 డిబి. ఇన్సర్ట్‌లో ఉన్నప్పటి 30 శాతం సెట్టింగ్ సెండ్‌కి పనికిరాదు. రీపర్ డిలే ప్లగిన్ రీడిలేకి కూడా ఇదే, అందులో డ్రై స్లైడర్ వేరుగా ఉంటుంది.

ఇక్కడ సెండ్లు పోస్ట్ ఫేడర్‌లోనే ఉంచండి, డప్పుకి చెప్పినదానికి తలకిందులు. గొంతు తగ్గిస్తే రివర్బ్ కూడా తగ్గాలి, లేకపోతే ఫేడ్ ఔట్‌లో గొంతు పోయి ప్రతిధ్వని ఒక్కటే మిగులుతుంది.

మాటలు మునగకుండా ప్రీ డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఆలస్యం) 30 మిల్లీసెకన్లు ఇవ్వండి. రివర్బ్ ముందు ఈక్యూ పెట్టి 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి, అబ్బీ రోడ్ స్టూడియో పద్ధతిగా పేరుపడ్డ అంకెలివి. ఇందాక డప్పుకి హై పాస్ వద్దన్నారు, ఇక్కడ నేను పెట్టమంటున్నాను. రెండూ సరైనవే. రివర్బ్ తోక అసలు గొంతుతో తరంగానికి తరంగం సరిపోలదు, కాబట్టి ఫేజ్ తిరిగినా కొట్టేసుకునేది ఏమీ ఉండదు. క్రష్ ట్రాక్ మాత్రం అసలు డప్పుకి దాదాపు నకలు.

డిలే పెట్టేట్టయితే 120 బీపీఎంలో బీటు 500 మిల్లీసెకన్లు. మీది తిశ్రం కాబట్టి 250 పెడితే నడకకి అడ్డం పడుతుంది. బీటులో మూడో వంతు 166.7, లేదా రెండు వంతులు 333.3 పెట్టండి. డిలే పదాల మీద పడకుండా, డిలే ట్రాక్‌లో రీడిలే తర్వాత రీకాంప్ పెట్టి, లీడ్ వోకల్ నుంచి ఆ ట్రాక్ 3/4 చానెళ్లకి ఇంకో సెండ్ తీయండి. రీకాంప్ డిటెక్టర్ ఇన్‌పుట్‌ని ఆగ్జిలరీకి (అంటే ఆ 3/4 చానెళ్లకి) మార్చండి. రేషియో 4, రిలీజ్ 250. పాడుతున్నప్పుడు డిలే 6 డిబి దాకా అణిగి, గొంతు ఆగగానే లేస్తుంది.

మౌలాలి_మిక్స్

కోరస్ వెడల్పు కోసం ఎడమ కుడి మధ్య 15 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టే అలవాటుంటే ఈ పాటకి మానుకోండి. ఈ పాటలు ఎక్కువగా మోగేది గోల్కొండ మొదలు లాల్ దర్వాజ దాకా వీధుల్లో డీజే బాక్సుల మీద, అక్కడ చాలాచోట్ల రెండు చానెళ్లూ కలిసి మోనో అవుతాయి. 15 మిల్లీసెకన్ల తేడా మోనోలో 33, 100, 167 హెర్ట్జ్ దగ్గర్నుంచి పైదాకా దువ్వెన పళ్లలా గుంటలు పెడుతుంది, కోరస్ బోలుగా అయిపోతుంది. నలుగురు విడివిడిగా పాడిన టేక్స్ మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఇద్దర్ని ఎడమకి, ఇద్దర్ని కుడికి ప్యాన్ చేస్తే చాలు.

మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ ఉంది. అది నొక్కి, క్రష్ ట్రాక్‌ని మ్యూట్ చేస్తూ తీస్తూ ఒకసారి, రివర్బ్‌ని అలాగే ఇంకోసారి వినండి. మోనోలో క్రష్ కలిసినప్పుడు డప్పు పెద్దదవ్వాలి. చిన్నదైతే మళ్లీ ఫేజ్ టెస్ట్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.